మూడో రీలు, తొమ్మిదో రీలు

ఆ సినిమా ఇప్పటికీ టీవీలో నెలకొకసారైనా వేస్తారు. అదీ ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిని అందరూ చాపల మీద నడుం వాల్చే వేళకు. మా ఇంట్లో వాళ్లు డైలాగులు ముందే అప్పజెప్పుకుంటూ, లావు పోలీసు కింద పడకముందే నవ్వడం మొదలుపెడతారు. నేను లేచి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతాను. "అంత చెత్తయితే ఇన్నేండ్ల నుంచి యాల వేస్తాండారు వాళ్లు?" అని మా ఆయన ముందు గదిలోంచి అరుస్తాడు. దానికి ఒకప్పుడు నా దగ్గర మంచి జవాబే ఉండేది. ఒకసారి ఆ జవాబును నిండు హాల్లో మైకు పట్టుకుని చెప్పాను కూడా. అప్పటినుంచి ఆ సినిమా మాటెత్తితే నోరు మూసుకుంటున్నాను.

ముందు సినిమా కథ చెప్పేస్తాను. నాకు కొంచెం కసి తీరుతుంది.

ఇద్దరు పోలీసులు. ఒకడు లావు, ఒకడు సన్నం. ఈ తేడా కనిపెట్టినందుకే రచయితకు డబ్బులిచ్చి ఉంటారు. లావాయన ఎస్సై. తిండిపోతు, రూల్సంటే ప్రాణం. సన్నవాడు కానిస్టేబులు. పిరికివాడు, లాఠీ కూడా తలకిందులుగా పట్టుకుంటాడు. ఒకరి మొహం ఒకరికి పడదు. పై అధికారి ఇద్దరినీ ఒకే జీపులో తోసి, గుళ్లలో విగ్రహాలు ఎత్తుకుపోయే ముఠాను పట్టుకురమ్మంటాడు. సన్నవాడు అసలు పోలీసే కాదనీ, ఇస్త్రీ బండి మీది యూనిఫాం కొట్టేసి తొడుక్కున్న జేబుదొంగ అనీ మనకు మొదట్లోనే చూపించేస్తారు. ఆ సంగతి ఎస్సైకి ఎప్పుడు తెలుస్తుందా అని మనం రెండు గంటలు కూర్చోవాలి. ఈలోపల ఎస్సై ప్యాంటు నాలుగుసార్లు చిరుగుతుంది. సంకెళ్ల తాళంచెవి మేక మింగేస్తుంది. ఇద్దరూ ఒకే సంకెలలో ఇరుక్కుని మేక వెనక పరుగెత్తుతారు. చివరికి కౌగిలించుకుని భోరుమంటారు. జేబుదొంగకు నిజం పోలీసు ఉద్యోగం ఇచ్చేస్తారు. మా వీధిలో డిగ్రీలు చదివి, పోలీసు సెలెక్షన్ల కోసం తెల్లారి లేచి కాలేజీ గ్రౌండులో పరుగులు తీసే పిల్లలు కూడా ఆ సీనుకు ఈలలు వేశారు. వాళ్లను చూసి నాకు జాలి కూడా కలగలేదు.

ఇది తొంభైల చివరి మాట. మేము మదనపల్లెలో ఉండేవాళ్లం. నేను రోజూ బస్సులో పుంగనూరు వెళ్లి అక్కడ హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. పద్యాలు చెప్పేవాళ్లకు లోకంలో ప్రతిదాని మీదా ఒక తీర్పు ఉండాలని ఎవరు చెప్పారో గాని, నేను గట్టిగా నమ్మాను. పెండ్లిభోజనం తిన్నా, ఊరేగింపు చూసినా, పక్కింటివాళ్లు కొత్త చీర కట్టుకున్నా, అది ఎందుకు బాగాలేదో చెబితే గాని నాకు తృప్తి ఉండేది కాదు. సినిమా మీద చెప్పడం మరీ తేలిక. తీసినవాళ్లు వచ్చి మనల్ని ఏమీ అడగరు.

మదనపల్లెలో ఆ సినిమా వారానికే లేచిపోయింది. ఆ వారంలోనే మేమూ చూశాం. మా ఆయన నవ్వాడు, నేను వాచీ చూసుకున్నాను. ఇంటర్వెల్లో టమోటా మండీ వాళ్లు ఒక గుంపుగా నిలబడి సోడాలు తాగుతూ, "మేక దండగ ప్పా, మేక లేకుంటే ఇంకా బాగుండు" అని వాదించుకుంటున్నారు. మిగతాదంతా బాగున్నట్టు! సినిమా కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ మండింది. ఊరంతా అంతే. సగం మంది పరమ చెత్త అన్నారు, సగం మంది ఒకసారి చూడొచ్చు అన్నారు. ఆ రెండో రకం వాళ్లంటే నాకు మరీ చిన్నచూపు. చెత్త అనడానికి ధైర్యం చాలనివాళ్లే ఆ మాట అంటారని అనుకునేదాన్ని.

వారం తర్వాత ఆ ప్రింటే పుంగనూరు వెళ్లింది. పుంగనూరులో మా బావ, అంటే మా అక్క మొగుడు, ఆపరేటరుగా ఉన్న హాల్లోనే పడింది.

బావ గురించి చెప్పాలి. మాట తక్కువ మనిషి. పదోది తప్పి, ఆ హాల్లో టికెట్లు చించే పనిలో చేరి, పై కేబిన్‌లో పెద్ద ఆపరేటరు దగ్గర నిలబడి నిలబడి పని నేర్చుకున్నాడు. సినిమా వేసే రెండు మిషన్లు, వాటిలో వెలుగు కోసం మండే కార్బన్ కడ్డీలు, గోడలో చిన్న అద్దపు కిటికీ, ఇదే ఆయన లోకం. ఎండాకాలం ఆ కేబిన్‌లో నిలబడితే ఒళ్లు ఉడికిపోతుంది. అక్కా బావా ఒకే గదిలో కాపురం ఉండేవాళ్లు. పొయ్యి, మంచం, బీరువా అన్నీ అందులోనే. నీళ్లు రెండు వీధుల అవతలి కుళాయి నుంచి మోసుకోవాలి. ఆ సంవత్సరమే హాలు ఓనరు కుప్పంలో కొత్త హాలు కట్టిస్తున్నాడు. దానికి బావను పెద్ద ఆపరేటరుగా పంపుతానన్నాడు. హాలు వెనక రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు సొంత కుళాయి. అక్క ఇంకా చూడని ఆ కుళాయి గురించి నాకు పదిసార్లు చెప్పింది. ఓనరు నోటిమాట తప్ప చేతిలో కాగితం ఏమీ లేదు. అందుకే ఆ కొన్ని నెలలూ బావ మీద చిన్న మచ్చ కూడా పడకూడదని అక్క దేవుళ్లందరికీ మొక్కుకునేది.

పుంగనూరులో సినిమా పడిన మూడో రోజు మా స్టాఫ్ రూంలో లెక్కల సారు చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. "ఏం తీసినాడు మేడం! ఆ సన్నోడు దొంగ అని ఇంటర్వెల్ అయినాకగాని తెలీదు. ఒళ్లు జలదరించిందంటే నమ్మండి."

"మొదట్లోనే చెప్పేస్తారు కదా సార్. నిద్రపోయినారా?" అన్నాను.

"మీరే నిద్రపోయుంటారు. ముందు ఎస్సైకి కల వస్తుంది. తెలీని మనిషితో ఒకే కంచంలో తింటాండేట్టు కల. లేచి సూస్తే ఆ మనిషే స్టేషన్లో నిలబడి ఉండాడు. అబ్బబ్బ!"

కల ఏమిటి? ఆ సినిమాలో కల లేదు. డ్రిల్లు మాస్టారు, సైన్సు టీచరు కూడా కల ఉందనే అన్నారు. ముగ్గురూ కలిసి నాకు బుద్ధి చెప్పారు. తెలుగు చెప్పేవాళ్లకు కొత్త పద్ధతి సినిమాలు ఎక్కవని లెక్కల సారు నవ్వాడు. కోడిగుడ్డు ఎన్ని నిమిషాలు ఉడకాలనే దాని మీద కూడా వాదన పెట్టుకునే మనిషి ఆయన. ఆయన చేత అనిపించుకుని ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆ శనివారం ఒంటిపూట బడి అయిపోగానే నేరుగా మ్యాట్నీకి వెళ్లాను.

రెండో రీలు చివర ఎస్సై పై అధికారి చేత చీవాట్లు తిని, కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుంటాడు. మదనపల్లెలో ఆ వెంటనే ఇస్త్రీ బండి వచ్చింది. ఇక్కడ ఎస్సై, సన్నవాడు ఒకే కంచంలో ముద్దలు కలుపుకుంటూ కనిపించారు. ఒకే దుప్పట్లో పడుకున్నారు. పాట పాడుకున్నారు. పాట అయిపోగానే ఎస్సై స్టేషన్లో, "ఎవడ్రా నువ్వు?" అని సన్నవాణ్ని మొదటిసారి చూసినట్టు అడిగాడు. హాలంతా చప్పట్లు. నాకు నవ్వు ఆగలేదు. తొమ్మిదో రీలు మూడో రీలు చోట పడింది. ఎస్సై కళ్లు మూసుకున్న వెంటనే పడింది కాబట్టి జనం దాన్ని కల అనుకున్నారు. ఇంటర్వెల్ తర్వాత సన్నవాడు తల మీద దెబ్బ తగిలి పడిపోయినప్పుడు, మూడో రీలు వచ్చి ఇస్త్రీ బండి, యూనిఫాం దొంగతనం చూపించింది. అది వాడికి పాత సంగతులు గుర్తొచ్చినట్టు కుదిరిపోయింది. హాల్లో ఒక్కసారిగా ఊపిరి బిగబట్టిన చప్పుడు నాకు వినబడింది. నిజం చెప్పాలంటే సినిమా మునుపటి కంటే వంద రెట్లు నయంగా ఉంది. సన్నవాడు ఎందుకు భయపడుతున్నాడో తెలియక, వాడి పిరికితనం చూడబుద్ధవుతోంది. డబ్బులు తీసుకుని సినిమా తీసినవాడికి చేతకానిది, పుంగనూరులో ఒక పొరపాటుకు చేతనైంది.

ఆట అయిపోగానే ఇనుప మెట్లెక్కి కేబిన్‌లోకి పోయాను. బావ చొక్కా విప్పి, ఒంటి మీద బనీనుతోనే రీలు వెనక్కి చుడుతున్నాడు. నన్ను చూడగానే ఆయనకు అర్థమైపోయింది.

"మదనపల్లెలో సూసినావా?" అన్నాడు.

"చూశాను."

చెయ్యి ఆపేశాడు. "మొదటి ఆటలోనే తెలిసిపోయింది మా. రీలు ఎక్కించి అద్దంలోంచి సూస్తే ఇద్దరూ ఒకే కంచంలో తింటాండారు. నా గుండె ఆగిపోయింది. ఆపుదామంటే జనం పాటకు ఎగరతాండారు."

"మరి రెండో ఆటకైనా సరిచేయకూడదా?"

"ఓనరు పైకొచ్చి భుజం తట్టినాడు. ఆ దొంగ సంగతి ఆఖర్లో తెలిసేది భలే ఉండాదప్పా, జనం దానికే వస్తాండారు అన్నాడు. సినిమానే అట్లని ఆయన అనుకుంటాండాడు. ఇంక ఏం సరిచేసేది?"

రీలు మొదట్లో ఉండే నంబరు ముక్క మదనపల్లెలోనే తెగిపోయిందట. డబ్బా మూత మీది నంబరే ఆధారం. ఆ మూతలే తారుమారయ్యాయి. "నాదే పొరపాటు, నేనే సూసుకోలేదు" అన్నాడు. ఆపరేటరుకు రీలు తప్పడమంటే డ్రైవరుకు రోడ్డు తప్పడం లాంటిదనీ, ఓనరు చెవిన పడితే కుప్పం మాట అటుంచి ఉన్న పని కూడా ఉండదనీ చెప్పాడు. "ఎవరికీ సెప్పొద్దు మా. మీ అక్క ఆ ఇంటి మీదే పానం పెట్టుకోనుండాది."

చెప్పనని మాటిచ్చాను. ఆ క్షణాన చెప్పకూడదనే అనుకున్నాను.

కానీ రోజూ స్టాఫ్ రూంలో కూర్చోవాలి కదా. సినిమా రెండో వారం ఆడింది, మూడో వారం ఆడింది. పలమనేరు నుంచి కూడా జనం బస్సులెక్కి వస్తున్నారన్నారు. లెక్కల సారు బోర్డు మీద బొమ్మ వేసి, కల ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో బాణాలు గీసి చూపించాడు. దర్శకుడి తెలివికి జోహార్లట. నేను పేపర్లు దిద్దుకుంటూ, ఎర్ర సిరా పిల్లల మీద వెళ్లగక్కాను. తెలిసిన సంగతి దాచుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఏదైనా గొప్ప రహస్యమైతే దాచుకున్నానన్న గర్వమైనా ఉండేది. ఇది వట్టి వెర్రితనం. దాన్ని దాచి పెట్టి, మూర్ఖుల ముందు మూర్ఖురాలిగా కూర్చోవాలి.

ఇరవై అయిదో రోజు ఓనరు హాల్లో చిన్న ఫంక్షన్ పెట్టాడు. మ్యాట్నీకి ముందు తెర ముందు నాలుగు కుర్చీలు, ఒక మైకు, బంతిపూల దండలు. మా స్కూలు నుంచి లెక్కల సారును, నన్ను పిలిచారు. చదువుకున్నవాళ్లు రెండు మాటలు మాట్లాడితే హాలుకు మర్యాద అని ఓనరు లెక్క. బావ అక్కను కూడా రమ్మన్నాడు. ఆమె కొత్త చీర కట్టుకుని మూడో వరసలో కూర్చుంది. కుప్పం సంగతి ఆ రోజే అందరి ముందూ చెబుతానని ఓనరు బావతో అన్నాడట. అక్క నా చెవిలో ఆ మాట చెప్పి, నా చెయ్యి గట్టిగా నొక్కింది.

లెక్కల సారు ముందు మాట్లాడాడు. పావుగంట మాట్లాడాడు. దర్శకుణ్ని ఆకాశానికెత్తాడు. చివర్లో నావైపు తిరిగి, "మా స్కూల్లోనే కొందరికి ఈ సినిమా అర్థం కాలేదు. పద్యాలు వేరు, స్క్రీన్‌ప్లే వేరు" అన్నాడు. జనం నవ్వారు. మైకు నా చేతికొచ్చింది.

నేనేం మాట్లాడానో నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మీకు ఈ సినిమాలో నచ్చింది దర్శకుడు తీసింది కాదు. పైన కేబిన్‌లో ఉన్న మా బావ చేసింది. మూడో రీలు తొమ్మిదో చోట, తొమ్మిదోది మూడో చోట పొరపాటున వేసినాడు. ఆ పొరపాటే లేకుంటే, మదనపల్లెలో లేచిపోయినట్టు ఇక్కడా వారానికే లేచిపోయేది. దండ వేస్తే మా బావకు వేయండి. లెక్కల సారుకు మూడు ఏదో తొమ్మిది ఏదో తెలిసినట్టు లేదు."

మొదట నేల టికెట్ల వాళ్లు నవ్వారు. తర్వాత బాల్కనీ నవ్వింది. అంత నవ్వు ఆ సినిమాకు కూడా రాలేదు. నేను లెక్కల సారు మొహమే చూస్తున్నాను. అది ఎర్రబడి, నల్లబడి, కిందికి వాలింది. నాకు ఎంత సంతోషమైందంటే, పై కిటికీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బావను పొగిడాననే అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనకు కూడా అట్లే చెప్పుకున్నాను.

ఓనరు కూడా నవ్వాడు. "టీచరమ్మ భలే మాట్లాడింది" అన్నాడు. కుప్పం మాట మాత్రం ఆ రోజు ఎత్తలేదు.

మరుసటి ఆట నుంచి సినిమాను వరసలో వేశారు. ఒప్పు వరస ఎట్లా ఉంటుందో చూద్దామని జనం ఎగబడి వచ్చి, నాలుగు రోజుల్లో చాలించారు. సినిమా పోయింది గాని నవ్వు పోలేదు. ఆ తర్వాత వచ్చిన సినిమాకూ అదే వరస. తెర మీద సీను మారితే చాలు, కింద నుంచి ఎవడో ఒకడు కేబిన్ వైపు తిరిగి, "అప్పా, ఇది ఎన్నోది?" అని అరిచేవాడు. "ముందుదా, ఎనకదా?" అని ఇంకొకడు. భక్తి సినిమా వేసినా అదే. సీతమ్మకు పెండ్లి కాకముందే అడవికి పంపిస్తావేమో సూసుకో సామీ అన్నారట. మా స్కూలు పిల్లలే ముందు బెంచీల్లో కూర్చుని ఎక్కువగా అరిచేవాళ్లు. క్లాసులో నా వైపు చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఎగతాళి ఎట్లా చేయాలో వాళ్లకు చాలాకాలంగా నేర్పుతున్నదాన్ని నేనే. ఎవరి పద్యం తప్పినా తరగతినంతా నవ్వించేదాన్ని.

రెండు నెలలు భరించి, ఒక మ్యాట్నీ అయ్యాక బావ కేబిన్ తాళాలు ఓనరు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఓనరు పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. బావ పాల సెంటరులో క్యాన్లు దించే పనికి కుదిరాడు.

ఆ ఆదివారం నేను అక్క ఇంటికి వెళ్లాను. అక్క మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. బిందె చంకన పెట్టుకుని కుళాయికి బయలుదేరుతోంది. నిలబడే మాట్లాడింది.

"ఆ మూతలు తారుమారు సేసింది నేను" అంది.

నాకు అర్థం కాకపోతే విడమరిచి చెప్పింది.

కొత్త సినిమా డబ్బాలు రాగానే ఆ హాల్లో పూజ చేసే అలవాటు ఉంది. మూతలన్నీ తీసి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ మూతల్లోనే అందరికీ గుగ్గిళ్లు పంచుతారు. తిన్నాక తుడిచి, వరసలో పెట్టిన డబ్బాలకు నంబరు ప్రకారం మూతలు పెట్టేస్తారు. ఆ రోజు గుగ్గిళ్లు చేసుకెళ్లింది అక్క. కడపట రెండు మూతలు, రెండు డబ్బాలు మిగిలాయి. బావ కిందికెళ్లి హారతి పట్టుకొచ్చే లోపల, అక్క కొంగుతో ఆ రెండు మూతలూ తుడిచి తానే పెట్టేసింది. అక్క చదువుకోలేదు, మూతల మీది అంకెలు కూడా గుర్తుపట్టలేదు.

"నాదే పొరపాటని అందరికీ సెప్పినాడు ఆయప్ప. ఓనరుకూ సెప్పినాడు. నీకు గూడా అట్లే సెప్పినాడంట గదా" అంది. "నువ్వు మైకులో నవ్వులపాలు సేసింది ఆయప్పను గాదు, నన్ను. నేను ఆ మూడో వరసలో కూసోని నవ్వినా గూడా. అందరూ నవ్వుతాంటే నవ్వినా. ఇంటికి పోయినాక తెలిసింది ఆ ఇల్లు పోయిందని."

బిందె సర్దుకుని వెళ్లిపోయింది. నేను ఆ ఒంటిగది గుమ్మంలో ఒక్కదాన్నే నిలబడ్డాను. నా జీవితంలో నా మీద నాకు అంత అసహ్యం ఇంకెప్పుడూ కలగలేదు.

కుప్పం హాలు తెరిచారని తెలిసి, ఒక ఆదివారం అక్కడికి బయలుదేరాను. ఓనరు కాళ్లు పట్టుకునైనా బావను తీసుకోమని అడగాలని. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా చేరేసరికి మ్యాట్నీ వేళయింది. హాలు ముందు పోస్టరు చూసి ఆగిపోయాను. అదే సినిమా. మళ్లీ తెచ్చి వేశాడు.

ఓనరు ఆఫీసు గదిలో కుర్చీ చూపించాడు. చెప్పిందంతా విన్నాడు. "పిలిచినా టీచరమ్మా. మీ బావ రానన్నాడు. నేను గూడా బలవంతం సేయలేదు, నిజం సెప్తాండా. జనం నవ్వే ఆపరేటర్ని కొత్త హాల్లో యాడ పెట్టేది? వేరే మనిషిని పెట్టుకున్నా. పిల్లలుగలోడు, ఆ ఇంట్లో చేరిపోయినాడు" అన్నాడు. మర్యాదగా టీ తెప్పించాడు. మర్యాదగానే, "ఎట్లాగూ వచ్చినారు గదా, సినిమా సూసి పోండి" అన్నాడు.

తిరుగు బస్సుకు ఇంకా టైముంది. వెళ్లి కూర్చున్నాను. ఇస్త్రీ బండి మూడో చోటే వచ్చింది. అన్నీ వరసలోనే వచ్చాయి. నాకు తెలిసినంతలో ఆ వరసలో ఆ సినిమా ఎవరికీ నచ్చకూడదు. కానీ హాలు విరగబడి నవ్వింది. నా పక్కన ఒక ముసలామె అరవంలో ఏదో అంటూ, మేక తాళంచెవి మింగినప్పుడు నా మోకాలు పట్టుకుని ఊగిపోయింది. ముందు వరసలో కన్నడం మాట్లాడే కుటుంబం ఒకటి, ప్యాంటు చిరిగిన ప్రతిసారీ పిల్లాడితో సహా చప్పట్లు కొట్టింది. మాటలు సగం అర్థం కానివాళ్లు కూడా నవ్వుతున్నారు. నా మాట తప్పని ఒప్పుకోవడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు. అది చెత్త సినిమానే. కానీ బావ పొరపాటు వల్లే జనానికి నచ్చిందని నేను మైకులో చెప్పిన మాట మాత్రం అబద్ధమని ఆ హాల్లో నాకు తెలిసిపోయింది. పుంగనూరు వాళ్లు ఎట్లా వేసినా నవ్వి ఉండేవాళ్లేమో. నేను దేని గురించి అంత పెద్ద న్యాయం చెప్పాను?

సోమవారం బడి అయ్యాక పాల సెంటరుకు వెళ్లాను. బావ ఖాళీ క్యాన్లు కడిగి బోర్లిస్తున్నాడు. మోకాళ్ల దాకా తడిసిపోయి ఉన్నాడు. పైనుంచి కిందిదాకా మనిషి పాలవాసన. అంతకుముందు ఆయన దగ్గర కార్బన్ కాలిన వాసన ఉండేది.

"కుప్పం పోయొచ్చినాను బావా" అన్నాను. ఓనరు మాట చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. అంతదాకా నేను ఎవరినీ ఆ మాట అడిగి ఎరగను, సరిగ్గా అడగడం కూడా చేతకాలేదు. ఆయన ఆ మాటలన్నీ పక్కకు నెట్టినట్టు తల ఊపాడు.

"సినిమా సూసినావా ఆడ?"

"చూశాను. అదే సినిమా."

ఆయన మొహంలో నేను చాలా రోజులుగా చూడని వెలుగు వచ్చింది. క్యాను కింద పెట్టి దగ్గరకొచ్చాడు. "కొత్త మిషన్లంట గదా. లైటు తెరంతా సమానంగా పడతాందా? అంచుల్లో నల్లగా కొడతాందా?"

నాకు తెలియదు.

"ఒక మిషన్లో నుంచి ఇంకో మిషన్లోకి మారేది తెలుస్తాందా? రీలు అయిపోయేటప్పుడు తెర మీద కుడిపక్క పైన చుక్క పడతాది సూడు. ఆ చుక్క సూసి మార్చల్ల. రెండు రెప్పలు కొట్టేంత సేపే. లేటైతే తెర తెల్లగా అయిపోతాది. నా చేతిలో ఒక్కనాడన్నా తెల్లగా అయ్యిండాదా, నువ్వు సూసినావు గదా?"

"నేను గమనించలేదు బావా" అన్నాను.

ఆయన నావైపు చూశాడు.

"మూడుసార్లు సూసినావు గదమ్మా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.